‘మేము’ అన్న మాట కింద

ఆ పెట్టె మంచులోంచి వచ్చింది. నిజానికి ఆటోలోనే వచ్చింది. కానీ నవంబరు నెలలో మా కొండల మీదికి ఏదొచ్చినా ముందు మంచులోంచే రావాలి. మొదట హారను వినపడుతుంది, తరువాత ఒక పచ్చటి దీపం కనపడుతుంది, ఎప్పటికో ఆటో వస్తుంది. ఆ పొద్దున బడి గుమ్మంలో నిలబడి చూస్తుండగా ఆటో అతను దిగి, అట్టపెట్టె ఒకటి మెట్టు మీద పెట్టాడు. "టీచరమ్మా, ఆపీసోలు ఇచ్చినారు, సంతకం ఎట్టండి" అన్నాడు. నేను సంతకం పెట్టిన కాగితం జేబులో మడిచి పెట్టుకుని మళ్లీ మంచులోకి వెళ్లిపోయాడు. చాలాసేపటివరకూ ఆటో శబ్దం వస్తూనే ఉంది.

మా బడి అరకు లోయలో, రోడ్డుకి కాస్త ఎగువన ఉంటుంది. రెండు గదులు, ఒక వరండా, వరండా ఎదురుగా వలిసె చేలు. ఆ చేలు పసుపు పచ్చగా పూసిన రోజుల్లో పట్నం జనం కార్లు ఆపి, పూలలోకి దిగి ఫొటోలు తీసుకుంటారు. ఇవి నూనెగింజల చేలమ్మా, ఎవరో దున్ని విత్తినవి, తొక్కకండి అని చెబితే ఆశ్చర్యపోతారు. నాకు వాళ్ల మీద కోపం. ఆ మాటకొస్తే నాకు చాలామంది మీద కోపం. మా హెడ్మాస్టరు గారు నన్ను ముక్కు మీద కోపంతో పుట్టినదాన్నంటారు. తొమ్మిదేళ్లుగా ఇద్దరమే పంతుళ్లం కాబట్టి ఆ కోపంలో పెద్ద వాటా ఆయనదే.

పెట్టెలో ఏముందో పైనే అచ్చు వేసి ఉంది. రాజ్యాంగ దినోత్సవం జరుపుకోవడానికి పాఠశాలలకూ, పనిచేసే చోట్లకూ కావలసిన సామగ్రి. లోపల అంతా రెండేసి ఉన్నాయి, ఒకటి బడికి, ఒకటి దిగువనున్న కాఫీ షెడ్డుకి. నున్నటి కాగితం మీద అచ్చువేసిన ప్రవేశిక, ప్రశ్నలూ జవాబులూ ఉన్న ముక్కలు పేకముక్కల్లాగే డబ్బాలో, గుండెకి పెట్టుకునే కాగితపు బిళ్లలు, పిల్లల చేత ఏం చేయించాలో చెప్పే పుస్తకం ఒకటి. పుస్తకం వెనక అట్ట మీద గళ్ల గళ్ల గుర్తు కూడా ఉంది, దాన్ని ఫోనులో చూపిస్తే వీడియో వస్తుందట. మాకు సిగ్నలు రావాలంటే నీళ్ల టాంకు ఎక్కాలి. "ఏటమ్మా, టాంకు మీద జరుపుదామా పండగ?" అన్నారు హెడ్మాస్టరు గారు.

నాకు మాత్రం ఆ పెట్టె నచ్చింది. అలాంటివి వస్తే చిన్నపిల్లనైపోతాను. బెంచీ మీద అన్నీ పరిచి ఒక్కొక్కటే ముట్టుకుని చూశాను. అన్నిటికంటే బాగున్నది పుస్తకంలో మూడో పని. దాని పేరు ప్రజల గోడ. ప్రవేశిక మొదట్లో ‘మేము’ అనే మాట ఉంటుంది కదా, ఆ మేము ఎవరో ఊరికి తెలియాలి. పెద్ద కాగితం మీద పైన ఆ మాట రాసి, కింద పిల్లల ఇంట్లోవాళ్లందరి చేత సంతకాలు పెట్టించాలి. చదువు రానివాళ్ల కోసం పెట్టె అడుగున ఒక రేకు డబ్బీ పెట్టారు. మూత తీశాను. నీలి సిరా ప్యాడ్.

ఆ వాసన తగిలినప్పుడు లోపల ఏదో కదిలింది. నిద్రలో ఎవరో పిలిచినట్టయింది. ఎవరు పిలిచారో చూద్దామనుకునేలోపే పిల్లలు వచ్చారు, ప్రార్థన గంట కొట్టారు. మూత పెట్టేసి వెళ్లిపోయాను. అప్పుడే ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే తరువాత జరిగింది జరిగేది కాదు. ఇప్పటికీ దానికి నన్ను నేను క్షమించుకోలేదు.

ప్రవేశిక చదవడానికి ఒక గుంటని ఎంచుకున్నాను. ఐదో తరగతి పిల్ల. వాళ్ల ఇంట్లో మాట్లాడేది తెలుగు కాదు, కానీ పిల్ల తెలుగు చదివితే వినాలనిపిస్తుంది. పొడుగు మాటలంటే భయం లేదు. సార్వభౌమ, సౌభ్రాతృత్వ లాంటి మాటలు నా నోట్లోనే తడబడతాయి, ఆ గుంట నోట్లో వాగు దాటినంత సులువుగా దాటిపోతాయి. రోజూ మధ్యాహ్నం వరండాలో నిలబడి చదివేది. మంచు అప్పుడే కరుగుతూ ఉండేది. కింద లోయలో కిరండూల్ రైలు మార్గం మీద గూడ్సు బండి వెళ్తుంటే ఆగి, బండి సొరంగంలోకి దూరాక మళ్లీ అదే మాట దగ్గర అందుకునేది. అలా వింటూ కూర్చుని నేను ఎన్నిసార్లు సగం కలలోకి జారానో. ఆ పిల్ల పెద్ద చదువు చదువుతుందని, ఎక్కడో పెద్ద హాలులో నిలబడి మాట్లాడుతుందని, నేను చివరి వరుసలో కూర్చుని ఉంటానని అనుకునేదాన్ని. నాకు పిల్లలు లేరు. ఆ గుంట మీద ఆశ పెట్టుకున్నానని చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

గుంటని పెంచేది వాళ్ల మామ్మ. తల్లీతండ్రీ కాఫీ పనులకి ఊళ్లు తిరుగుతుంటారు. వాళ్లుండే పై ఊరు బడికి అరగంట నడక. కొత్తలో నేను ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని బడిలో వేయించేటప్పుడు ఆ మామ్మ ఇంటికీ వెళ్లాను. అప్పటికి గుంట నడక నేర్చిన పిల్ల. ఆమె ఎండిన ఆనపకాయ బుర్రలో చోడి అంబలి, అదే రాగి అంబలి, తెచ్చింది. తెచ్చి, నా కళ్లెదుటే తను రెండు గుక్కలు తాగి, అప్పుడు బుర్ర నా చేతికిచ్చింది. నాకు ఒళ్లు మండింది. ఎంగిలి అంటే మా ఇంట్లో ఎంత పట్టింపో. తాగినట్టు నటించి, ఆమె లోపలికి వెళ్లగానే పెరటి కాఫీ మొక్క మొదట్లో పోసేశాను. మర్యాద తెలియని మనుషులని బడికొచ్చి హెడ్మాస్టరు గారితో అన్నాను కూడా. మర్యాద ఎవరికి తెలియలేదో నాకు అర్థం కావడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

ఇక ప్రజల గోడ సంగతి. పై ఊరి ఇళ్లన్నీ తిరగడానికి నాకు తీరిక లేదు, పరీక్ష పేపర్లు దిద్దాలి. గుంటని పిలిచాను. పెద్ద కాగితం చుట్టగా చుట్టి ఇచ్చాను. రేకు డబ్బీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాను. "ఇంటింటికీ వెళ్లు. ఈ మాట కింద అందరి చేతా వేలు వేయించుకుని రా. జాగ్రత్త, సిరా గౌనుకి అంటుకుంటుంది" అన్నాను. గుంట మొహం వెలిగిపోయింది. తనకి పెద్దపని అప్పజెప్పారని. వలిసె చేల మధ్య దారిలో కాగితపు చుట్ట చంకలో పెట్టుకుని గెంతుతూ వెళ్లింది. చేలు దాటేవరకూ చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు బడికి నలుగురు పిల్లలు వచ్చారు. నలుగురూ రోడ్డు పక్క ఇళ్లవాళ్లు. పై ఊరి ఆడపిల్ల ఒక్కతీ రాలేదు, మగపిల్లాడు ఒక్కడూ రాలేదు. గంట కొట్టిన తరువాత చూస్తే బడి మెట్టు మీద కాగితపు చుట్ట ఉంది, దాని మీద రేకు డబ్బీ ఉంది, గాలికి ఎగరకుండా డబ్బీ మీద ఒక రాయి కూడా పెట్టారు. తెల్లారకముందే ఎవరో వచ్చి పెట్టి వెళ్లినట్టున్నారు. చుట్ట విప్పాను. పైన ‘మేము’ అన్న మాట, కింద అంతా తెలుపు.

మూడో రోజూ అంతే. నాలుగో రోజు మధ్యాహ్నం కాఫీ షెడ్డు మేస్త్రీ నడుచుకుంటూ వచ్చాడు. వరి మడికిలాగే కాఫీ పళ్లకీ నీళ్లు కావాలి, ఆ నీళ్లలోనే రోజంతా నిలబడి పై ఊరి ఆడవాళ్లు పళ్లు కడుగుతారు, ఆ షెడ్డు చూసుకునేది ఆయనే, పెట్టెలో షెడ్డు వాటా ఆయనకి ముందే పంపించాను. "టీచరమ్మా, మీరిచ్చిన బొమ్మ కాగితం గోడకి ఎట్టినాను. ఏలు ఎయ్యమంటే మాత్రం ఒక్కలూ నోరు ఇప్పడం నేదు. పళ్లు కడుగుతన్నారు, నాకేసి సూడరు. ఏటయింది?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. అబద్ధం కాదు, కానీ తెలియకపోవడంలో నా ప్రయత్నం కూడా ఉంది.

హెడ్మాస్టరు గారికి వేరే బెంగ. గోడ ముందు పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీసి పంపాలి. "ఊరుకోమ్మా, దీనికింత ఆలోసనేటి?" అన్నారు. తన చేతులు రెండూ చాపి చూపించారు. "నావి పది, మీవి పది. అన్నీ ఏసేస్తే ఇరవై మంది అయిపోనారు. ఎవులు లెక్కెడతారు?" అని నవ్వారు. ఆయన మంచి మనిషి, పొద్దున్నే వచ్చి బడి తాళం తీసేది ఆయనే, జ్వరమొచ్చిన పిల్లని భుజాన వేసుకుని ఆసుపత్రికి మోసేది ఆయనే. అందుకే ఆ మాటకి నాకు కోపం కూడా రాలేదు. ఆ చాపిన చేతులూ, ఆ సిరా డబ్బీ ఒకేసారి చూడగానే ఇన్ని రోజులుగా నిద్రలో పిలుస్తున్నదెవరో తెలిసింది.

చుట్టా డబ్బీ సంచీలో పెట్టుకుని పై ఊరికి బయల్దేరాను.

మంచు దిగుతోంది. వలిసె పూలు రాలే రోజులు, దారంతా పసుపు రేకులు తడికి అంటుకుపోయి ఉన్నాయి. ముందు పది అడుగుల దారి కనపడుతుంది, వెనక పది అడుగులు మూసుకుపోతుంది. అలాంటి దారిలో నడిస్తే మనిషికి వయసు తెలియదు. నడుస్తూ నడుస్తూ నేను ఏడేళ్ల పిల్లనైపోయాను.

ఈ కొండల్లోనే, ఇంకో వైపున ఉన్న సంత ఊళ్లో మా నాన్నకి దుకాణం ఉండేది. ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు, బట్టలు. మైదానం నుంచి వచ్చిన షావుకారు. సంత రోజున తెల్లవారకముందే కొండ మీంచి జనం దిగేవారు, చింతపండూ అడ్డాకులూ నెత్తిన పెట్టుకుని, ఒకరి వెనక ఒకరు. మా నాన్న వాళ్ల పిల్లలకి బెల్లం ముక్కలు పెట్టేవాడు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనేవాడు కాదు. ఆయన కసాయివాడైతే నాకీ కథ చెప్పడం తేలికయ్యేది. మధ్యాహ్నం సంత పలచబడ్డాక కొందరు దుకాణం లోపలికి వచ్చి గోడవారగా కూర్చునేవారు. నాన్న కాగితం పరిచేవాడు. "అమ్మలూ, డబ్బీ పట్టుకురా" అనేవాడు. ఉతికిన గౌనేసుకుని, సిరా డబ్బీ రెండు చేతులతో పట్టుకుని వాళ్ల ముందు నిలబడేదాన్ని. నాన్న వాళ్ల బొటనవేలి గోటి మీద తన వేలు ఆనించి, సిరాలో అద్ది, కాగితం మీద ఇటునుంచి అటు దొర్లించేవాడు. మెత్తగా, నొప్పి కలగకుండా. తరువాత వాళ్లు ఆ వేలు తలకి రాసుకునేవారు, సిరా పోవడానికి. నాకు నవ్వొచ్చేది.

ఆ కాగితాలేమిటో అప్పుడు తెలియదు. పెద్దయ్యాక తెలిసింది. కొండవాళ్ల భూమి బయటివాళ్లు కొనడం చట్టం ఒప్పుకోదు, ఆ సంగతి అప్పటికే అందరికీ తెలుసు. అయినా కాగితాలు రాసుకునేవారు. నాకు పదేళ్లప్పుడు దుకాణం ఎత్తేసి విజయనగరం వైపు వెళ్లిపోయాం. తరువాత నాకు టీచరు ఉద్యోగం రావడం, మళ్లీ ఈ కొండలకే వేయడం జరిగింది. ఏ ఊరమ్మా మీదని ఎవరడిగినా విజయనగరం వైపు అని చెబుతూ వచ్చాను. తొమ్మిదేళ్లుగా అందులో సగమే నిజం. అడుసు తొక్కింది నాన్న, కాలు కడుక్కున్నది నేను, అంతటితో సరిపోయిందనుకున్నాను.

అలాంటి నేను పై ఊరిమీదికి సిరా డబ్బీ పంపాను. అదీ ఉతికిన గౌనేసుకున్న ఆడపిల్ల చేతికిచ్చి.

మామ్మ ఇంటి అరుగు మీద కూర్చుని చోళ్లు చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపలేదు. గుంట గుమ్మంలో నిలబడి ఉంది, నావైపు చూడటం లేదు.

"కూకో టీచరమ్మా" అంది మామ్మ.

అరుగు అంచున కూర్చున్నాను. "గుంట బడికి ఎందుకు రావట్లేదు మామ్మా?"

"ఇంక రాదు. కాఫీ పళ్లు కోతకి పోతాది."

"బాగా చదువుతుంది మామ్మా. ఈ బడిలో అంత బాగా చదివే పిల్ల ఇంకొకతి లేదు."

"సదువుతాది. సదివీసి, సిరా డబ్బీ అట్టుకుని ఊరి మీదకొచ్చింది." చేటలో పొట్టు గాలికి ఎగిరింది. "నా గుంట వస్తే ఊళ్లోవోలు తలుపులేసుకున్నారు. నా గుంట."

గుంట గుమ్మం లోపలికి జరిగింది. ఆ పిల్ల ఆరోజు ఎంత గెంతుతూ వెళ్లిందో నాకు గుర్తొచ్చింది. ఒక్కో తలుపూ మూసుకుంటుంటే మొహం ఎలా అయి ఉంటుందో ఊహించుకోలేకపోయాను, ఏడుపొచ్చింది. ఆ కాగితం ఎవరి భూమీ తీసుకునేది కాదని, దేశమంతా కలిసి రాసుకున్న మాటని, న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం అని ఏవేవో చెప్పాను. మామ్మ గుంటని పిలిచింది. "నువ్వు సెప్పు, అందల ఏటుంది?"

గుంట వచ్చి నిలబడి తమ ఇంటి భాషలో చెప్పింది. నాకు పూర్తిగా అర్థం కాలేదు. కానీ నేను చదివించినప్పుడు గలగల పారిన మాటలు ఇప్పుడు ఆగి ఆగి వచ్చాయి. ఒక్కో మాట దగ్గర మామ్మ ఏదో అడుగుతోంది, గుంట ఆలోచించి చెబుతోంది. చాలాసేపు పట్టింది. నా వరండాలో ఆ పిల్ల చదువుతూ ఉండేది, అర్థం చేసుకుంటున్నది మాత్రం ఇప్పుడేనని తోచింది. అంతా అయ్యాక మామ్మ నావైపు తిరిగింది.

"మంచి మాటలే. మావు అన్నారు కదా పైన. మమ్మల్ని అడిగినారేటి?"

పెట్టెలో వచ్చిన ప్రశ్నల ముక్కల్లో ఆ ప్రశ్న లేదు.

"ఊట కింద మడి ఉండేది మాకు" అంది ఆమె, చేట పక్కన పెట్టి. "సంతలో షావుకారు కాగితం ఎట్టినాడు. మా ఇంటాయన ఏసినాడు, నన్నూ ఎయ్యమన్నాడు. ఆ షావుకారి గుంట డబ్బీ అట్టుకుని నా ముందల నిలబడింది. మంచి గౌను. నా ఏలు సూసి నవ్వింది. ఆ కోతలకి మడి మాది కాదన్నారు."

"ఏ సంత మామ్మా?"

ఆమె సంత పేరు చెప్పింది. అది మా సంత కాదు. హమ్మయ్య అనుకున్నాను. అనుకున్న మరుక్షణం నామీద నాకే అసహ్యం వేసింది.

మామ్మ నన్నే చూస్తోంది. "నువ్వు ఎవుల గుంటవు టీచరమ్మా?"

విజయనగరం వైపు అన్న మాట నాలుక చివర సిద్ధంగానే ఉంది. ఆ మాట చెబితే లేచి వెళ్లిపోవచ్చు, ఉద్యోగం ఉంటుంది, హెడ్మాస్టరు గారి ఇరవై వేళ్లూ ఉంటాయి. నిజం చెబితే ఈ గుంట నాకు మళ్లీ కనపడదు. పై ఊరి పిల్లలెవరూ కనపడరు. గుమ్మంలో ఉన్న పిల్ల మొదటిసారి తలెత్తి నావైపు చూసింది.

"అలాంటి గుంటనే మామ్మా" అన్నాను. "వేరే సంత. మా నాన్న షావుకారు. డబ్బీ నేనే పట్టుకునేదాన్ని. నేనూ నవ్వాను."

కింద ఎక్కడో గూడ్సు బండి పోతోంది, మంచులో శబ్దం తప్ప ఏమీ లేదు. ఎన్ని పెట్టెలో, ఎంతకీ అయిపోలేదు. మామ్మ లేచి లోపలికి వెళ్లింది. వెళ్లిపొమ్మని అర్థమేమోనని సంచీ భుజానికి తగిలించుకున్నాను.

ఆమె ఆనపకాయ బుర్రతో వచ్చింది. అంబలి. అప్పటిలాగే తను రెండు గుక్కలు తాగింది. బుర్ర నాకివ్వకుండా చేతిలోనే పట్టుకుంది.

"అప్పుడు మొక్కల్లో పోసీసినావు" అంది. "మట్టి మీద కనపడదేటి? ఎంగిలనుకున్నావు. ఇచ్చినోలు ముందల తాగాల. అందల ఏటీ కలపనేదని ఒచ్చినోలికి తెలాల కదా." బుర్ర అరుగు మీద పెట్టింది. "ఆ కాగితం తియ్యి. దాని మీద నీ ఏలు ఉందా?"

లేదు. నా వేలు వేయాలన్న ఆలోచనే రాలేదు. కాగితం అరుగు మీద పరిచాను, సంచీలోంచి పెన్ను తీశాను.

"అది కాదు" అంది మామ్మ. "ఏలు."

డబ్బీ మూత గుంట తీసింది. తీసి, రెండు చేతులతో పట్టుకుని నా ముందు నిలబడింది. మామ్మ నా చెయ్యి అందుకుంది. నా బొటనవేలి గోటి మీద తన వేలు ఆనించి, సిరాలో అద్ది, ‘మేము’ అన్న మాట కింద ఇటునుంచి అటు దొర్లించింది. మెత్తగా, నొప్పి కలగకుండా. నలభై ఏళ్లు దాటాయి నాకు, బ్యాంకుల్లో, ఆఫీసుల్లో ఎన్ని కాగితాల మీద సంతకాలు పెట్టానో తెలియదు. ఒక కాగితం మీద నా వేలు పడటం అదే మొదలు. పట్టుకున్న చెయ్యి ఇంకొకరిదైతే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. లాక్కోవాలనిపిస్తుంది, లాక్కోలేం.

గుంట నవ్వలేదు.

"ఇప్పుడు నువ్వు వెయ్యి మామ్మా" అన్నాను.

"నేనెయ్యను. నాది ఎప్పుడో ఏసీసినాను." బుర్ర నా చేతికిచ్చింది. "గుంటని రేపు బేగి పంపుతాను. కాగితంలో ఏటుందో సదివి సెప్పేది మా ఇంట్లో ఒకలుండాల. అప్పుడుంటే మడి ఉండేది."

అంబలి చల్లగా, కాస్త పుల్లగా ఉంది. మొత్తం తాగాను. బుర్ర మీద నా నీలి వేలు పడింది. తుడవబోతే ఉండనీమంది.

మర్నాడు గుంట వచ్చింది, దాని వెనక మిగతా పిల్లలూ వచ్చారు. రాజ్యాంగ దినోత్సవం నాడు కాఫీ షెడ్డు ఆడవాళ్లు కూడా పని మధ్యలో తడి చీరలతోనే వచ్చి వరండా కింద నిలబడ్డారు. గుంట ప్రవేశిక ముందు తెలుగులో చదివింది, తరువాత తమ ఇంటి భాషలో చెప్పింది. రెండోసారి చెప్పినప్పుడు ఆడవాళ్లు తలలూపారు, ఒకావిడ మధ్యలో ఏదో అడిగింది, గుంట ఆగి జవాబు చెప్పి మళ్లీ అందుకుంది. మామ్మ రాలేదు. ఎవరినీ వేలు వెయ్యమని నేను అడగలేదు. హెడ్మాస్టరు గారు ఫొటో తీస్తూ "ఏటమ్మా, ఇంత కాగితానికి ఒక్క ఏలేనా?" అన్నారు, కానీ తన చేతులు చాపలేదు.

ఆ కాగితం ఇంకా మా బడి గోడ మీదే ఉంది. అంచులు పసుపెక్కాయి, సిరా కాస్త వెలిసింది. బడి చూడటానికి వచ్చిన వాళ్లు దాని ముందు ఆగుతారు. పైన ‘మేము’ అని ఉండి కింద ఒక్కటే వేలిముద్ర ఏమిటని, అదెవరిదని అడుగుతారు.

సంతలో షావుకారు కూతురిదని చెబుతాను.